మూడు ఫ్రెంచి బండ్లు, ముగ్గురి మాటలు, నడిపేది మాత్రం మీరు

చెన్నై మెడవాక్కం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమె పుట్టిల్లు నెల్లూరు. పెళ్లయ్యాక చెన్నైలో స్థిరపడ్డారు. ఆఫీసు షోలింగనల్లూరులో, పాప యూకేజీ చదువుతోంది. భర్త ఉద్యోగం శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీలో, ఆయన కంపెనీ బస్సులో వెళ్లొస్తారు. కాబట్టి కారు కొంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిపేది ఈమే. లైసెన్స్ నిరుడే వచ్చింది. ఖాళీ రోడ్డు మీద బాగానే నడుపుతారు కానీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే బండి వెనక్కి జారుతుందేమోనని చేతులు వణుకుతాయట. నెలకి ఒకటి రెండుసార్లు నెల్లూరు వెళ్తారు, అప్పుడు స్టీరింగ్ ఆయన చేతిలో.

బడ్జెట్ నాలుగున్నర లక్షలు. అందులో 3 లక్షలు ఈమె కట్టిన చీటీ డబ్బు, మిగతాది లోన్. భర్తకి కాలేజీ రోజుల నుంచీ ఫ్రెంచి కార్లంటే పిచ్చి. ఆయన మనసుపడింది 2022 సెప్టెంబర్‌లో రిజిస్టరైన సిట్రోయెన్ సీ3 టర్బో మీద, పల్లికరణై దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గరుంది, 24,000 కిలోమీటర్లు తిరిగింది, ఫస్ట్ ఓనర్, ధర 5 లక్షల 10 వేలు. ఈమె ఆఫీసులో ఒక సహోద్యోగి 2019 రెనో క్విడ్ 1.0 ఆటోమేటిక్ అమ్ముతున్నారు, 38,000 కిలోమీటర్లు, సర్వీస్ బిల్లులన్నీ ఉన్నాయి, 3 లక్షలు అడుగుతున్నారు. ఈ రెండూ చాలవన్నట్టు గూడూరు బాబాయిగారు, అంటే అత్తగారి తమ్ముడు, తన 2014 రెనో పల్స్ డీజిల్‌ని లక్షా అరవై వేలకి ఇస్తాను, బయటవాళ్ల దగ్గరెందుకు, మనవాళ్ల బండి ఉండగా అంటున్నారు. అది 92,000 తిరిగింది, ఏపీ 26 నంబర్. మామగారేమో ఫ్రెంచి బండ్లకి పార్టులు దొరకవు, అన్నీ వదిలేసి మారుతి తీసుకోండి అంటున్నారు.

ఉత్తరం చివర్లో ఆమె రెండు ప్రశ్నలు అడిగారు. ఈ మూడింటిలో ఏది కొనాలి? ఒక మాట ఆ చివరి వాక్యాల్లోంచి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "అందరూ బండి గురించి మాట్లాడుతున్నారు, నీకేది సులువుగా ఉంటుందని ఒక్కరూ అడగలేదు. ఇది అడగడం కూడా తప్పేనా?"

అమ్మా, తప్పు కాదు. మొదట అడగాల్సిన ప్రశ్నే అది. మీరు రెండో ప్రశ్నగా రాశారు గానీ దానికి జవాబు తేలితే మొదటిది సగం తేలిపోతుంది. అందుకని దాంతోనే మొదలుపెడతాను. రోజూ మెడవాక్కం నుంచి పెరుంబాక్కం మీదుగా షోలింగనల్లూరు, ఆఫీసు టైములో, పక్కన బైకులు దూరుతుంటే, వెనక సీట్లో పాప ఉండగా నడిపేది మీరు. ఆ దారిలో బండి గంటకి ఎంత దూరం పోతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ దారిలో మీ ఎడమకాలికి పని ఉండాలా వద్దా అన్నదే ఇక్కడ అసలు సంగతి. సీ3లో ఉన్న 110 పీఎస్ పవరా, క్విడ్‌లో ఉన్న 68 పీఎస్ పవరా అన్నది తర్వాత మాట. మీ వారు నడిపేది నెలలో రెండు వారాంతాలు. ఆయన ఇష్టాన్ని తీసిపారేయమని అనడం లేదు. రోజులు లెక్కేసుకుంటే ఎవరి సౌకర్యానికి ఎంత బరువివ్వాలో ఆయనకే అర్థమవుతుంది. ఈ లెక్క మీరు కోపంగా చెప్పక్కర్లేదు, మామూలుగా చెప్పండి చాలు.

ఇక మామగారి భయం. దాన్ని పాతకాలపు మాట అని కొట్టేయకండి, దాని వెనక నిజంగా జరిగిన కథ ఉంది. 1990ల మధ్యలో ప్యూజో కంపెనీ ప్రీమియర్ వాళ్లతో కలిసి ముంబయి దగ్గర కళ్యాణ్‌లో 309 అనే కారు తయారుచేసింది. కొన్నేళ్లకే గొడవలొచ్చి అది మూతపడింది, ప్యూజో దేశం వదిలి వెళ్లిపోయింది, కొన్నవాళ్లు పార్టుల కోసం నానా అవస్థలు పడ్డారు. ఆ తరం వాళ్లకి ఫ్రెంచి బండి అనగానే అదే గుర్తొస్తుంది. ఇప్పుడు పరిస్థితి వేరు, ముఖ్యంగా మీరున్న ఊళ్లో. రెనో ఫ్యాక్టరీ ఒరగడంలో ఉంది, మీ వారు రోజూ వెళ్లే వైపే. సిట్రోయెన్ సీ3 తయారయ్యేది తిరువళ్లూరులో. అంటే మీరు చూస్తున్న బండ్లు చెన్నై చుట్టుపక్కలే పుట్టినవి.

కానీ ఫ్యాక్టరీ పక్కనే ఉన్నంత మాత్రాన మీ వీధి మెకానిక్ దగ్గర పార్టు ఉంటుందని కాదు. అది ఎన్ని బండ్లు రోడ్డు మీద తిరుగుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. క్విడ్ 2021 నాటికే 4 లక్షలు దాటి అమ్ముడైంది, బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, సస్పెన్షన్ బుష్‌లు, అద్దాలు బయట షాపుల్లో కూడా దొరుకుతాయి, నెల్లూరులో కూడా దాన్ని విప్పి బిగించిన మెకానిక్కులు ఉంటారు. సీ3 అంతగా అమ్ముడుపోలేదు. దానికి కంపెనీ సర్వీస్ సెంటర్ మీదే ఆధారపడాలి, బంపరో హెడ్‌లైటో పగిలితే వచ్చేదాకా ఆగాలి. మామగారి మాటలో ఇంతవరకు నిజముంది, ఇంతవరకే ఉంది. ఆయనతో ఈ తేడా చెబితే ఆయన మీ పక్షానికి వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆయన అడుగుతున్నది మారుతి బోర్డు కాదు, మీరు దారిలో చిక్కుకుపోకూడదని.

బాబాయిగారి పల్స్ సంగతి ముందు తేల్చేద్దాం. బండిగా అది చెడ్డది కాదు. నిస్సాన్ మైక్రాకి రెనో ముద్ర వేసిన కారు అది. అందులో ఉన్న 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ డస్టర్‌లోనూ, నిస్సాన్ సన్నీలోనూ ఉన్న కుటుంబానిదే, సరిగ్గా చూసుకుంటే చాలా దూరం నడుస్తుంది, మైలేజీ బాగుంటుంది, ఇంజిన్ పార్టులకి ఇబ్బంది ఉండదు. ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. ఆ ఇంజిన్ టైమింగ్ బెల్ట్ మీద నడుస్తుంది. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. 92,000 తిరిగిన బండిలో బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకుని కొన్న మర్నాడే మార్పించాలి, వాటర్ పంపు, టెన్షనర్‌తో సహా. పల్స్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది కాబట్టి దానికి మాత్రమే సరిపోయే ముందు బంపరు, గ్రిల్ లాంటివి వెతుక్కోవాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నంబర్‌ది. ఏపీ బండిని మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. మీరు చెన్నైలో కాపురం ఉంటున్నారు కాబట్టి నెల్లూరు ఆర్టీవో ఆఫీసులో ఫారం 28తో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తీసుకోవాలి, తమిళనాడులో బండి వయసుని బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఏపీలో కట్టిన దాంట్లో మిగిలిన భాగం వెనక్కి రావాలంటే దానికో అర్జీ, దానికో తిరుగుడు. లక్షా అరవై వేల బండి ఇంటికొచ్చేసరికి ఎంతవుతుందో కాగితం మీద వేయండి. ట్యాక్స్, బెల్ట్, టైర్లు, క్లచ్ అన్నీ కలిపి. పైగా డీజిల్ క్లచ్ పెట్రోల్ బండి క్లచ్ కన్నా బరువు, రోజూ హాఫ్ క్లచ్ మీద పాకాలి. ఫ్లైఓవర్ మీద భయపడే మీకు ఈ బండి అసలు వద్దు. ఇది మాత్రం సందేహం లేకుండా చెబుతున్నాను.

బాబాయిగారికి ఎలా చెప్పాలంటారా? మీరు చెప్పకండి. మీ వారి చేత చెప్పించండి, మేనమామ ఆయనకి. బండి బాగాలేదని చెప్పకూడదు, ఆయన తన బండిని ప్రేమగా చూసుకుని ఉంటారు. "మామయ్యా, నంబర్ మార్పించి ట్యాక్స్ కట్టేసరికి మాకు గిట్టుబాటు కావట్లేదు, నడిపేది తను, తనకి గేర్ల బండి కష్టం, నువ్వు గూడూరులోనే అమ్ముకుంటే మంచి ధర వస్తుంది" అంటే చాలు. అందులో ప్రతి మాటా నిజం కాబట్టి తర్వాత ఎవరూ తిరగేసి అడగలేరు. ఒకవేళ మొహమాటానికి ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఆరు నెలలకి ఏదైనా పెద్ద ఖర్చొస్తే బయట అమ్మినవాడి మీదైతే కోపం తెచ్చుకుంటారు, బాబాయిగారి మీద తెచ్చుకోలేరు, అది ఇంట్లో మీ ఇద్దరి మధ్య తిరుగుతుంది. పండక్కి గూడూరు వెళ్లినప్పుడల్లా "బండెలా ఉందమ్మా" అనే పలకరింపుకి ఏం చెప్పాలో తెలియదు.

సరే, సీ3. మీ వారి మనసు ఎందుకు పడిందో నాకర్థమైంది. ఫ్రెంచి బండి గుణమంటే ముందుగా చెప్పాల్సింది సస్పెన్షన్, ఆ విషయంలో సీ3 తన ధరలో ఉన్నవాటన్నిటికన్నా ముందుంటుంది. గుంతల రోడ్డు మీద ఒళ్లు కదలకుండా తీసుకెళ్తుంది, ఎన్‌హెచ్ 16 మీద సూళ్లూరుపేట దాటాక లారీలని ఓవర్‌టేక్ చేయడానికి 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, ఏసీ వేసుకుని నలుగురు కూర్చున్నా పికప్ తగ్గదు. కూర్చునే ఎత్తు బాగుంటుంది, కొత్తగా నడిపేవాళ్లకి బయట బాగా కనిపిస్తుంది. ఇవన్నీ నిజమైన మంచి గుణాలు.

అయితే 2022 టర్బో ఆరు గేర్ల మాన్యువల్ మాత్రమే. ఆటోమేటిక్ 2024లో గానీ రాలేదు. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్, బండి అదుపు తప్పి జారకుండా సర్దే ఈఎస్‌పీ లాంటివి టర్బోలో చేరింది 2023లో. అంటే మీ వారు చూసిన బండిలో సరిగ్గా మీకు కావాల్సినవే లేవు. మొదటి సీ3ల్లో ఇంజిన్ తిరిగే వేగం చూపే మీటరు లేదు, వెనక అద్దానికి వైపరు లేదు, వెనక సీటు పవర్ విండో స్విచ్‌లు ముందు సీట్ల మధ్యలో ఉంటాయి. వీటిలో కొన్నిటికి అలవాటుపడొచ్చు. హిల్ హోల్డ్ లేకపోవడానికి అలవాటుపడాలంటే ముందు బాగా ప్రాక్టీస్ కావాలి.

ఇంజిన్ గురించి ఒక మాట. సీ3 టర్బోలో ఉన్నది ప్యూర్‌టెక్ అనే కుటుంబానికి చెందిన 1.2 లీటర్ల ఇంజిన్. ఐరోపాలో 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజిన్లలో ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరిగే టైమింగ్ బెల్ట్ పొడిపొడిగా రాలి ఆయిల్ దారులు మూసుకుపోయిన కేసులు చాలా వచ్చాయి, చివరికి కంపెనీ ఆ ఇంజిన్లకి 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా వారంటీ పొడిగించాల్సి వచ్చింది. ఈ వార్త చదివి భయపడక్కర్లేదు, ఇంటర్నెట్లో వెతికి తేల్చుకునే పనీ కాదు. బండి ఛాసిస్ నంబర్ తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. ఈ బండిలో ఏ బెల్ట్ ఉంది, ఎప్పుడు మార్చాలి, ఎంతవుతుంది, పెండింగ్‌లో రీకాల్స్ ఏమైనా ఉన్నాయా అని అడిగి ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. పనిలో పనిగా ఏడాదికోసారి ఆయిల్ మార్చిన బిల్లులున్నాయా, అందులో కంపెనీ చెప్పిన గ్రేడే పోశారా చూడండి. 24,000 కిలోమీటర్లు మూడేళ్లకి తక్కువే, కానీ కిలోమీటర్లు తక్కువ కదా అని ఆయిల్ మార్చకుండా నడిపేవాళ్లు చాలామంది ఉంటారు. మామూలు వారంటీ 2 ఏళ్లు లేదా 40,000 కాబట్టి అది అయిపోయింది, ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టారేమో, కడితే మీ పేరు మీదకి మారుతుందేమో కూడా అప్పుడే అడగండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. బండి ఉన్నది పల్లికరణైలో, రిజిస్టరైంది 2022 సెప్టెంబర్లో. 2023 డిసెంబర్ మొదటి వారం మిచౌంగ్ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది, మెడవాక్కంలో ఉన్నవాళ్లకి చెప్పాలా. పల్లికరణై, వేళచ్చేరి, పెరుంబాక్కం, ముడిచ్చూరు అంతటా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో కార్లు మునిగిపోయాయి. అలా మునిగిన బండ్లలో కొన్ని బాగుచేయించుకుని మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. ఈ బండి మునిగిందని నేననడం లేదు, మునగలేదని తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దంటున్నాను. నీళ్లలో మునిగిన కారు మొదట్లో బాగానే నడుస్తుంది, ఏడాది రెండేళ్లకి వైరింగ్ కనెక్టర్లు పచ్చబారి ఒక్కో లైటు, ఒక్కో సెన్సర్ మొరాయిస్తుంది, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ మామూలుగా కింద, నేలకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అసలు సమయంలో అది తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు.

తేల్చుకోవడానికి మంచి దారి ఇన్సూరెన్స్ పాలసీ. అందులో ఎన్‌సీబీ అని ఒక శాతం ఉంటుంది, క్లెయిమ్ చేయని ఏడాదికి దక్కే తగ్గింపు. మొదటి ఏడాది తర్వాత 20, తర్వాత 25, ఆ తర్వాత 35. ఈ బండి 2022 సెప్టెంబర్లో కొన్నది, అదే ఓనర్ దగ్గరుంది, ఎప్పుడూ క్లెయిమ్ చేయలేదంటే 2025 సెప్టెంబర్లో రెన్యూ చేసిన పాలసీ మీద 35 ఉండాలి. తుపానప్పుడు క్లెయిమ్ చేసి ఉంటే 2024లో సున్నాకి పడి, 2025లో 20 దగ్గర ఉంటుంది. 20 కనిపిస్తే ఏం క్లెయిమ్ అని అడగండి, సర్వీస్ సెంటర్ హిస్టరీలో చూడండి. డోరు గీతకి చేసిన క్లెయిమ్ కూడా కావొచ్చు, అప్పుడు భయం లేదు. నో క్లెయిమ్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ ఉన్నవాళ్లకి క్లెయిమ్ చేసినా శాతం పడిపోకపోవచ్చు, ఇన్సూరెన్స్ లేకుండా సొంతంగా బాగుచేయించుకున్నవాళ్లూ ఉంటారు, అందుకే కాగితంతో ఆగకూడదు. సీటు బెల్టుని చివరి అంగుళం దాకా బయటికి లాగి చూడండి, అక్కడ బురద మరక ఉంటే ఎంత కడిగినా పోదు. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, స్టెప్నీ ఉండే గుంతలో ఒండ్రు ఉందా, కార్పెట్ కింద చెయ్యి పెడితే చెమ్మ తగులుతుందా, హెడ్‌లైట్ లోపల ఆవిరి గీతలున్నాయా చూడాలి. డీలర్ షోరూములో ఘాటైన సెంటు వాసన వస్తుంటే అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపలే కూర్చోండి, అసలు వాసన అప్పుడు బయటపడుతుంది. ఒక మంచి మెకానిక్‌ని స్కానర్‌తో తీసుకెళ్లడానికి అయ్యే ఖర్చు ఈ బేరంలో చాలా చిన్నది.

క్విడ్ దగ్గరికి వస్తే, మీ దినచర్యకి ఈ మూడింటిలో దగ్గరగా ఉన్నది ఇదే. చిన్న బండి, ఎక్కడైనా పెట్టుకోవచ్చు, క్లచ్ లేదు, గేరు లివర్ బదులు డాష్‌బోర్డు మీద తిప్పే బటన్, డీ, ఎన్, ఆర్ అంతే. పార్కింగ్ గేరు ఉండదు, అందుకని ఎప్పుడు ఆపినా హ్యాండ్‌బ్రేక్ వేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. ఇది అసలైన ఆటోమేటిక్ కాదు, మాన్యువల్ గేర్‌బాక్స్‌కే యంత్రం క్లచ్ నొక్కుతుంది, కాబట్టి గేరు మారేటప్పుడు చిన్న ఊపు ఉంటుంది, క్లచ్ కూడా అరుగుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో చదునైన చోట బ్రేక్ నెమ్మదిగా వదలండి. బండి తనంతట తాను మెల్లగా పాకుతుందా, లేక యాక్సిలరేటర్ తొక్కేదాకా కదలదా? మొదట్లో వచ్చిన క్విడ్ ఆటోమేటిక్‌లకి ఈ పాకే గుణం లేదు, తర్వాత ఇచ్చారు. మీ ఆఫీసున్న ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో అది ఉండటం చాలా హాయి, ఎత్తు మీద జారే భయం కూడా దాంతో బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, కాబట్టి ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కి ఒకసారి ఆగి కదిలించి చూడండి, మీ చేతులతో.

2019 అన్నారు, ఏ నెల? ఆర్‌సీలో తయారైన నెల ఉంటుంది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, రివర్స్ సెన్సర్లు అన్ని కార్లకీ తప్పనిసరి చేశారు. జనవరిలో తయారైన బండికీ ఆగస్టులో తయారైన బండికీ మీ ప్రాణానికి సంబంధించినంత తేడా ఉండొచ్చు. రెండో ఎయిర్‌బ్యాగ్ అన్నిటికీ తప్పనిసరి అయ్యింది 2022 జనవరిలో. వెనక సీటు బెల్టులు కూడా లాగి చూడండి, పాతవాటిలో వాటంతటవే చుట్టుకోని రకం ఉండేవి, పాప సీటు వాటికి సరిగ్గా బిగియదు. 2019 అక్టోబర్‌లో ముఖం మార్చిన క్విడ్ వచ్చింది, అది దొరికితే మేలు. టైర్లు మొదటివే అయితే ఆరేళ్లు దాటాయి, గాట్లు ఎంత లోతున్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం.

క్విడ్‌కి నేను చెప్పకుండా దాటలేని లోటు భద్రత. 2016లో కార్లని గుద్దించి భద్రతకి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో మొదట సున్నా స్టార్లు, తర్వాత మార్చిన బండికి 1 స్టార్ వచ్చాయి. సీ3 మీద కూడా ఆశ పెట్టుకోకండి, మన దేశంలో తయారైన ఎలక్ట్రిక్ సీ3కి 2024లో పెద్దల భద్రతకి సున్నా వచ్చింది. సిటీలో 30, 40 వేగంలో ఇది అంత భయపెట్టే విషయం కాదు. నెల్లూరు హైవే మీద 100లో మాత్రం అవును. క్విడ్ తేలిక బండి, పక్కనుంచి లారీ దూసుకెళ్తే ఊగుతుంది, నలుగురు, సామాను, ఏసీతో ఓవర్‌టేక్ చేయాలంటే ముందుచూపు కావాలి. కాబట్టి క్విడ్ తీసుకుంటే నెల్లూరు దారిలో 80 దాటకూడదని, రాత్రి పూట బయల్దేరకూడదని మీ వారితో ముందే ఒప్పందం చేసుకోండి, లేదా నెల్లూరుకి రైలెక్కండి, చెన్నై నెల్లూరు మధ్య రైళ్లకేం కొదవ.

ఈ భద్రత సంగతే మీకు నిద్ర పట్టనివ్వకపోతే ఫ్రెంచి పట్టుదల వదిలేసి 2020 తర్వాతి టాటా టియాగో ఆటోమేటిక్ చూడొచ్చు, దానికి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 4 స్టార్లున్నాయి, ధర కూడా మీ బడ్జెట్ చుట్టూనే ఉంటుంది. మీ వారికి కాస్త బాధ కలగొచ్చు. కానీ ఆయన్ని కూర్చోబెట్టి ఈ స్టార్ల లెక్క చూపిస్తే పాప ముఖం గుర్తొచ్చి ఆయనే ఆ మాట అనొచ్చు.

డబ్బు సంగతి. 5 లక్షల 10 వేలంటే మీ హద్దు దాటింది, దాని మీద ఆర్‌సీ బదిలీ, ఇన్సూరెన్స్, టైర్లు కలిపితే ఇంకా పెరుగుతుంది. పాత కార్ల లోన్‌కి వడ్డీ కొత్త కార్ల కన్నా ఎక్కువ. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు 28 శాతం, పైన సెస్. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి ధర కూడా దిగాలి, చాలామంది డీలర్లు ఆ మాటెత్తరు. బేరానికి వెళ్లే ముందు కొత్త సీ3 టర్బో, కొత్త క్విడ్ ఆన్‌రోడ్ ధరలు షోరూములో రాయించుకుని జేబులో పెట్టుకోండి. తేడా చిన్నదైతే పాత దానికి అంత పెట్టక్కర్లేదు. కొత్త క్విడ్ అంటే 2023 నుంచి ఈఎస్‌పీ, హిల్ స్టార్ట్ అసిస్ట్ అన్నిటిలో వస్తున్నాయన్నది కూడా గుర్తుంచుకోండి, మీకు కావాల్సింది అదే కదా. పైగా 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 పెట్రోల్‌కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన దానికి, తగ్గ గొట్టాలతో వస్తాయి, పాతవాటిలో ఫ్యూయల్ పైపులు, రబ్బర్లు మెకానిక్ చేత చూపించుకోవాలి.

ఆ 3 లక్షలు మీ చీటీ డబ్బు. ఇంట్లో ఈ మాట అనడానికి మీకు సంకోచం ఉంటుందని ఉత్తరంలోనే తెలుస్తోంది. డబ్బు నాది కాబట్టి బండి నాది అని అనక్కర్లేదు. కానీ ఆర్‌సీ మీ పేరు మీద ఉండాలని అడగండి. రోజూ నడిపేది మీరు, చలానా పడితే మెసేజ్ రావాల్సింది మీకు, ఇన్సూరెన్స్ పని పడితే సంతకం పెట్టాల్సింది మీరు. ఇందులో ఎవరినీ తక్కువ చేసింది లేదు.

మీ వారి కోరిక మాటేమిటి అంటే, నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఇప్పుడు క్విడ్ తీసుకుని రెండు మూడేళ్లు మీరు చెయ్యి తిప్పుకుని, అప్పటికి ధర తగ్గిన సీ3 టర్బో ఆటోమేటిక్‌కి మారడం. అప్పటికి మీ చేయీ ఆయన కోరికా ఒకే బండిలో కుదురుతాయి. రెండు, సీ3 పరీక్షలన్నిటిలో నెగ్గి, ధర నాలుగున్నర దగ్గరికి దిగి, మీరు కూడా గేర్ల బండి నేర్చుకుంటానని మనస్ఫూర్తిగా అనుకుంటే దాన్నే కొనడం, అలాగైతే మొదటి నెల ఆయన పొద్దున్నే మీ పక్కన కూర్చుని పెరుంబాక్కం రోడ్డు మీద తిప్పించాలి, అది ఆయన బాధ్యత. ఆయన మాటకి తలూపి కొని, తర్వాత భయంతో ఆటోలో ఆఫీసుకి వెళ్తుంటే బండి కింద పార్కింగ్‌లో దుమ్ము పట్టి ఉంటుంది, ఈఎంఐ మాత్రం నెలనెలా పోతుంది. నాకైతే మొదటి దారే నచ్చింది. సహోద్యోగి బండి, బిల్లులున్నాయి, నడిపినవాళ్లు రోజూ కనిపిస్తారు, ఇవి పాత బండి కొనేవాళ్లకి చాలా అరుదుగా దొరికే సౌకర్యాలు.

ఏది కొన్నా కాగితాల దగ్గర స్నేహాలు పనికిరావు. ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో నంబర్ కొట్టి ఎన్నో ఓనర్, లోన్ ఉందా, చలానాలున్నాయా చూడండి. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, లోన్ తీరిందని ఆర్‌సీలోంచి తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు ఒకే రోజు కావాలి, అదే రోజు ఆన్‌లైన్లో అప్లై చేయాలి. డీలర్ అయితే 2023 ఏప్రిల్ నుంచి పాత కార్లు అమ్మేవాళ్లకి ఆర్టీవో ఇచ్చే ఆథరైజేషన్ ఉండాలి, అది అడగండి, "ట్రాన్స్‌ఫర్ తర్వాత చూసుకుందాం మేడమ్" అంటే బయటికి వచ్చేయండి. ఇన్సూరెన్స్ కొన్న 14 రోజుల్లో మీ పేరుకి మార్పించాలి. పాత ఓనర్ ఎన్‌సీబీ మీకు రాదు, కాబట్టి ప్రీమియం ఆయన కట్టినదాని కన్నా ఎక్కువే అవుతుంది, అది చూసి మోసపోయామనుకోవద్దు. ఫాస్టాగ్ కూడా మార్చుకోండి, లేకపోతే నెల్లూరు దారిలో టోల్ దగ్గర పాత ఓనర్ ఖాతాలోంచి డబ్బులు పోతాయి.

ఈ శనివారం సహోద్యోగిని అడిగి క్విడ్‌ని ఒక గంట తీసుకోండి. పక్కన మీ వారిని కూర్చోబెట్టుకుని ఆఫీసు దాకా మీరే నడపండి, ఆదివారం సీ3 కూడా అలాగే, డీలర్ నడపనివ్వకపోతే ఆ బండి సంగతి అక్కడితో వదిలేయొచ్చు. రెండూ అయ్యాక ఆర్‌సీలో క్విడ్ తయారైన నెల, సీ3 పాలసీ మీద ఎన్‌సీబీ శాతం, ఈ రెండూ నాకు రాయండి, ధర దగ్గర ఎంతకి ఆగాలో అప్పుడు చూద్దాం.